బంగ్లా ఏసే ముందు కింద గచ్చు లేపినం

హన్మకొండల నయీంనగర్ దిక్కు మా బాపు కట్టిన ఇల్లు ఒకటున్నది. 1992ల కట్టిండు. రెండు వందల గజాల జాగ, రెండు పోర్షన్లు, అటు ఇటు మూడున్నర అడుగుల సందు, ఎనకాల ఒక బాత్రూం ఒక లెట్రిన్, అవి రెండు పోర్షన్లకు కలిపే. బాపు ఆర్టీసీల డ్రైవర్, జీతంల మిగుల్చుకున్న పైసలు, కొంత లోన్ పెట్టి కట్టుకున్నడు, ఒక పోర్షన్ల మేముండి ఇంకోటి కిరాయికిచ్చేది. నాకు కరీంనగర్ల నౌకరి వచ్చినంక అవ్వను బాపును నా దగ్గరికి తెచ్చుకున్న, అప్పటిసంది రెండు పోర్షన్లు కిరాయికే. ఇల్లు కట్టిన్నాడే బాపు బంగ్ల మీద, అంటే పైన స్లాబ్ మీద, పిల్లర్ల సలాకలు మూడు ఫీట్లు పొడుగు వదిలిపెట్టిండు, రేపు పిల్లలు పైన ఏసుకుంటరు అని. ముప్పై రెండేండ్లు ఆ సలాకలు ఎండకు ఎండి వానకు నాని అట్లనే నిలబడ్డయి, వాటికి తాడు కట్టి అవ్వ బట్టలారేసేది, తర్వాత కిరాయికి వచ్చినోళ్ళు ఆరేసిన్రు.

బాపు పోయి ఆరేండ్లయింది. 2024 దసరకు హన్మకొండ పోయినప్పుడు బంగ్ల మీదికెక్కి ఆ సలాకలు చూసి, ఇగ ఏద్దాం అని గట్టిగ అనుకున్న. అప్పటికి కింద ఒక పోర్షన్ ఖాళీ అయింది, ఇంకో దాంట్ల పదకొండేండ్ల సంది ఒక అక్క వాళ్ళుంటున్నరు. అక్క కిరాయి 5,500, రెండోది 4,500, రెండు కలిపి పది వేలు. హన్మకొండ నడుమల రెండు వందల గజాల మీద నెలకు పది వేలంటే ఎవరికి చెప్పినా నమ్మరు. మా ఇంటిది కాయితం తీసుకుని లెక్క చేసింది, పైన మూడు సింగిల్ రూములు ఏస్తే, యూనివర్సిటీ దగ్గరనే కాబట్టి పిల్లలు వస్తరు, రూముకు నాలుగు వేలేసుకున్నా పన్నెండు వేలు అని. తెలిసిన మేస్త్రి సుత అదే అన్నడు. ప్లాన్ మొత్తం పైనే, కిందికి రంగులు తప్ప ఏమీ లేదు.

ఆ ప్లాన్ చెప్పుదామనే అక్క వాళ్ళింట్ల కూసున్నం. నాలుగైదు నెలలు పని నడుస్తది, దుమ్ము లేస్తది, నీకు ఇబ్బంది అయితది అక్కా అని చెప్తే, అక్క చాయ్ గ్లాసులు పెట్టి, "పైన ఏసుకోండ్రి తమ్మి, మంచిదే, గానీ ఒకటి చూపిస్త రా" అని గోడకున్న క్యాలెండర్ పక్కకు జరిపింది. గోడ మీద పెన్సిల్ గీతలు రెండున్నయి. పై గీత 2020 ఆగస్టు వానలది, కింద గీత 2023 జులైది. నేను టేపు పెట్టి కొలిచిన, ఒకటి పద్నాలుగు ఇంచులు, ఇంకోటి తొమ్మిది. నీళ్ళొచ్చినయని నాకు తెలుసు, టీవీల సుత చూసినం, ఫోన్ల అడిగితే "ఆఁ కొంచెం వచ్చినయి, ఎత్తిపోసినం" అనేది. కొంచెం అంటే పద్నాలుగు ఇంచులని నాకు అప్పుడే తెలిసింది. అక్క జాకెట్లు కుడతది, 2020ల మిషన్ మోటర్ నీళ్ళల్ల మునిగి కాలిపోయిందంట, 2023ల ముందే మిషన్ మంచం మీద పెట్టుకుని రాత్రంత మేల్కొని కూసున్నదంట. ఎందుకు చెప్పలే అక్కా అంటే "మీరు దూరముంటరు, చెప్తే మీకు బాధ తప్ప ఏమున్నది" అన్నది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే, నిజం చెప్తున్న. నెల నెలా కిరాయి అందుతాంది, ఫోన్ పే ల మెసేజ్ వస్తాంది, ఇల్లు బాగానే ఉన్నదనుకున్న.

ఇల్లు మొదట పల్లంల లేకుండె. బాపు కట్టినప్పుడు రోడ్డుకంటే అడుగు మీద కట్టిండు, మట్టి రోడ్డు. తర్వాత సీసీ రోడ్డు పోసిన్రు, కొన్నేండ్లకు దాని మీదనే ఇంకో వరుస పోసిన్రు, పాతది తవ్వి పోయరు కదా, ఉన్నదాని మీదనే పోస్తరు. అట్ల రోడ్డు లేస్తా లేస్తా పోయి మన గచ్చు రోడ్డుకంటే నాలుగు ఇంచులు కిందికి పోయింది. ఆ వాడకట్టుల పాత ఇండ్లన్నిటి కథ ఇదే. వాన కొంచెం గట్టిగ పడితే నాలా నీళ్ళు ఎక్కనవసరం లేదు, రోడ్డు నీళ్ళే గేటు కింది నుంచి లోపలికొస్తయి, లెట్రిన్ చాంబర్ల నుంచి నీళ్ళు ఎనకకు తంతయి. ఇట్లాంటి ఇంటి మీద మూడు కొత్త రూములేసి కిందోళ్ళను అట్లనే ఉంచుడు నాకు మనసొప్పలే, మా ఇంటిదానికి సుత ఒప్పలే. ఉన్న పైసల్ల ముందు కింద, తర్వాత పైన అని ఆ వారమే తీర్మానం చేసుకున్నం.

స్ట్రక్చరల్ ఇంజనీర్ ను పిలుచుడు మేము చేసిన మొదటి మంచి పని. మేస్త్రి అవసరమే లేదన్నడు, "పిల్లర్లు గట్టిగున్నయి సార్, రెండు అంతస్తులు ఏసినా ఏం కాదు" అని. ఇంజనీర్ వచ్చి ఒక మూల పిల్లర్ పక్కన గుంత తవ్విచ్చిండు, నాలుగు అడుగుల లోతుల గట్టి మొరం మీద ఫుటింగ్, అంటే పిల్లర్ పునాది ఉన్నది, దానికి సంతోషపడ్డడు. తర్వాత ప్లాస్టర్ కొట్టించి చూసిండు, తొమ్మిది బై తొమ్మిది పిల్లర్, నాలుగు పన్నెండు ఎంఎం సలాకలు. దీని మీద ఒక్క అంతస్తు, అది కూడా తేలికగ, దాని మీద పెంట్‌హౌస్ అనే మాట ఎత్తొద్దు అని మొహం మీదనే చెప్పిండు. పైన బాపు వదిలిన సలాకలను సుత్తితోని కొడితే తుప్పు పొరలు పొరలుగ రాలింది, చేత్తోని పట్టుకుంటే లోపల మిగిలిన సలాక మొదటికంటే సన్నగయింది. వాటికే కొత్త సలాకలు కట్టి పిల్లర్ లేపితే జోడింపు కాడ బలం ఉండదన్నడు. స్లాబ్ కాడ కాంక్రీట్ చెక్కి, లోపల మంచి సలాక తేలిన కాడి నుంచి రెండడుగులు కొత్త సలాకను పక్కన ఆనిచ్చి కట్టి ల్యాప్ పెట్టిచ్చిండు, రెండు పిల్లర్లకు అదీ కుదరక డ్రిల్ కొట్టి కెమికల్ నింపి సలాకలు నాటిన్రు. పైన సలాకలు వదిలి రేపు ఏసుకుందాం అనుకునేటోళ్ళు ఎవరైనా ఉంటే వాటికి పల్చటి సిమెంట్ పూత పూసి, చిన్న కాంక్రీట్ దిమ్మలు పోసి కప్పి పెట్టుకోండ్రి. ఆ రోజుల్ల బాపుకు ఎవరూ చెప్పలే.

కింద గచ్చు ఎట్ల లేపుడు అనేది పెద్ద చర్చ అయింది. జాకీలు పెట్టి ఇల్లు మొత్తం లేపే వాళ్ళున్నరు కదా, వాళ్ళను సుత అడిగినం, పైన అంతస్తు కూడా ఏసేది ఉన్నది కాబట్టి ఇంజనీర్ వద్దన్నడు, ఖర్చు కూడా మాకు అందేటట్టు లేదు. మిగిలింది లోపల నింపుడే. మా స్లాబ్ ఎత్తు పదిన్నర అడుగులు, ఆ కాలంల అంత ఎత్తు పెట్టుడు మా అదృష్టం, అడుగున్నర నింపినా తొమ్మిది అడుగులు మిగిలింది. తొమ్మిది అడుగుల ఎత్తు కడితే అడుగున్నర నింపినంక ఏడున్నరే మిగిలేది, ఫ్యాన్ తలకు తాకేది.

నింపుడు అంటే ట్రాక్టర్ మొరం పోసి చదును చేసుడే అనుకున్న, పని మొదలైనంక తెలిసింది అసలు సంగతి. గచ్చు అడుగున్నర లేస్తే ఏడడుగుల దర్వాజ ఐదున్నర అయితది, అంటే ప్రతి దర్వాజ మీద లింటెల్ పగలగొట్టి, గోడ కోసి, దర్వాజ పీకి, పైకి లేపి, కొత్త లింటెల్ పోయాలె. ఆరు దర్వాజలు. కిటికీలు కిందికి దిగినట్టయినయి, గచ్చు నుంచి అడుగున్నర ఎత్తుల కిటికీ అంటే చిన్నపిల్లలకు ప్రమాదం, లోపలి దిక్కు అడ్డంగ రెండు పైపులు పెట్టిచ్చినం. స్విచ్ బోర్డులన్నీ మోకాళ్ళ కాడికొచ్చినయి, అవి పైకి మార్చాలె. వంటగట్టు కూలగొట్టి మళ్ళ కట్టాలె. ఇవన్నీ మేస్త్రి మొదటి అంచనాల లేవు, ఎవరైనా చేసుకునేది ఉంటే ఇవి ముందే రాసుకోండ్రి.

పెద్ద దర్వాజ టేకుది, బాపు దగ్గరుండి చేపిచ్చిండు, పైన కమలం పువ్వు చెక్కి ఉంటది. దాన్ని పీకితే కింద నాలుగు ఇంచులు చెద తిన్నది, మిగిలింది ఇనుము లెక్క ఉన్నది. మేస్త్రి అన్నడు ఇది అమ్మితే మంచి రేటొస్తది, కొత్తది ఫైబర్ పెట్టుకోండ్రి అని. అవ్వ కరీంనగర్ నుంచి వచ్చి కూసున్నది, "ఆ దర్వాజ ఎటూ పోదు" అన్నది, అంతే. వడ్లాయన చెద తిన్న మేరకు కోసేసి అదే టేకు ముక్క అతికి, గడప కొత్తది ఏసి, మంచి రోజు చూసి పసుపు కుంకుమ పెట్టి మళ్ళ నిలబెట్టిండు. కిరాయి ఇంటికి అంత అవసరమా అని ఒకరిద్దరు అన్నరు. ఆ దర్వాజల నుంచే కదా వాళ్ళు రోజూ పోయేది వచ్చేది.

మొరం పోసే ముందు ఇంజనీర్ ఇంకో మాట చెప్పిండు, దాన్ని చాలమంది వదిలేస్తరంట. పాత గోడలకు ఆనిచ్చి మొరం నింపితే ఆ తడి గోడలకు ఎక్కి, రెండేండ్లల్ల సున్నం పొరలు పొరలుగ రాలుతది. అందుకని గోడలకు మూడడుగుల ఎత్తు దాక పాత ప్లాస్టర్ మొత్తం కొట్టేసి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంట్‌తోని కొత్త ప్లాస్టర్ చేసినంకనే నింపినం. ఆరు ఆరు ఇంచుల వరుసలు పోసి, నీళ్ళు కొట్టి, దిమ్మిసతోని కొట్టుకుంట నింపిన్రు, దాని మీద నాలుగు ఇంచుల కంకర కాంక్రీట్, దాని మీద టైల్స్. తాండూరు బండలే ఏద్దామని నాకుండె, చల్లగుంటయి, అక్క మాత్రం "తుడుసుడు అల్కగుంటది తమ్మి, టైల్సే ఎయ్యి" అన్నది. ఆ ఇంట్ల పొద్దున లేచి తుడిచేది ఆమెనే, కాబట్టి టైల్సే.

అక్క వాళ్ళను ముందు ఖాళీ పోర్షన్లకు మార్చి వాళ్ళది చేసినం, తర్వాత అటుది. ఐదు నెలలు కిరాయి తీసుకోలే. తీసుకోవాల్సిందని కొందరు చుట్టాలన్నరు, ఇంట్ల మొరం కుప్పలు పెట్టుకుని, ఎనకాల బాత్రూంకు పలకల మీద నడుచుకుంట పోయేటోళ్ళ దగ్గర కిరాయి ఎట్ల అడుగుత.

ఆ బాత్రూం సంగతి కూడా అక్కనే చెప్పింది. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాక రెండు పోర్షన్లోళ్ళు లైన్ల నిలబడుడు, ఖాళీ అయిన పోర్షన్ ఏడాదిల మూడుసార్లు ఖాళీ అయిందంటే అదే కారణమంట. నేను అనుకున్న ఈ కాలం పిల్లలు నిలకడగ ఉండరని. ఎవరూ మనకు నిజం చెప్పి పోరు, ఊరికి పోతున్నం అని చెప్పి పోతరు. సందుల మీద కట్టకుండ, పోర్షన్ వెనక రూముల్లోనే కొంత కోసి దేనికదే బాత్రూం లెట్రిన్ పెట్టినం, రూము చిన్నగయింది గానీ ఒక్కరు సుత చిన్నగున్నదనలే. గచ్చు లేసింది కాబట్టి పైపుల వాలు కుదిరింది, చాంబర్ రోడ్డు డ్రైనేజీ కంటే ఎత్తయింది, ఎనకకు తన్నే బాధ పోయింది.

పర్మిషన్ గురించి చాలమంది అడిగిన్రు. రెండు వందల గజాలంటే 167 చదరపు మీటర్లు. 2020ల వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు జాగల ఏడు మీటర్ల ఎత్తు దాక కట్టుకుంటే పర్మిషన్ అవసరం లేదు, రిజిస్ట్రేషన్ చాలు. అంతకంటే పెద్దగుండి 500 చదరపు మీటర్ల లోపు, పది మీటర్ల ఎత్తు లోపు అయితే మనమే సర్టిఫై చేసి ఆన్‌లైన్ల వెంటనే పర్మిషన్ తీసుకోవచ్చు. అల్కగనే ఉన్నది గానీ మన సర్టిఫికెట్ల తప్పుంటే నోటీస్ కూడా ఇయ్యకుండ కూలగొట్టే అధికారం అదే చట్టంల ఉన్నది, ఇది మతిల పెట్టుకోవాలె. మా మేస్త్రి మెట్లు పక్క సందులకెళ్ళి ఏద్దాం, ముందర జాగ మిగులుతది అన్నడు. ఇండ్లు కట్టే రూల్స్ ఉన్న 2012 జీవో 168 ప్రకారం మా అంత జాగకు పక్కల మీటరు వదలాలె, మా సందే మూడున్నర అడుగులు, అంటే మీటరు కంటే నాలుగు వేళ్ళంత ఎక్కువ. అక్కడ మెట్లేస్తే రూలూ పోయె, గాలీ పోయె, రేపు సెప్టిక్ ట్యాంక్ తీసేటోళ్ళకు పైపు పోనీకి తొవ్వ కూడా ఉండదు. ముందర మీటరున్నర వదిలి మూలకు మెట్లేసినం. మెట్లు బయట నుంచే ఉన్నయి కాబట్టి పైనోళ్ళు కిందోళ్ళ దర్వాజ ముందటికెళ్ళి పోయే పని లేదు, దీని విలువ కిరాయికి ఉన్నోళ్ళకే తెలుస్తది.

మూడు సింగిల్ రూముల ఆలోచన మానుకుని పైన ఒక్కటే డబుల్ బెడ్రూం ఏసినం. మూడు రూములకు మూడు బాత్రూంలు, మూడు వంటగట్లు, అంత గోడల బరువు, అంత నీళ్ళ పైపులు కింద స్లాబ్ మీద. ఇంజనీర్ గోడలకు ఏఏసీ ఇటుకలు, అంటే లోపల గాలి బుడగలుండే తేలిక ఇటుకలు పెట్టమన్నడు, ఎర్ర ఇటుక బరువుల మూడో వంతు ఉంటది. మా సుతారి మేస్త్రికి అవి నచ్చలే, మేకు దిగదు నిలవదు అన్నడు, కట్టుడు మొదలుపెట్టినంక రెండు రోజుల పని ఒక రోజుల అయితాంటే ఊకున్నడు.

స్లాబ్ ఫిబ్రవరిల పోసినం. తొమ్మిది వందల ఫీట్ల స్లాబ్, ఐదు ఇంచుల మందం, బీములతోని కలిపి నూటపది బస్తాల సిమెంట్. తెల్లారి ఆరు గంటలకు కాంక్రీట్ కలిపే మిల్లర్ దగ్గర కొబ్బరికాయ కొట్టినం, ఇరవై మంది కూలీలు, లిఫ్ట్ మిషన్ చప్పుడు, వైబ్రేటర్ చప్పుడు, పొద్దుగూకేదాక ఆగలే. పొద్దున ఇడ్లీ పంపిచ్చినం, పగటికి అక్కా మా అవ్వా కలిసి బగారన్నం చికెన్ వండిన్రు, పని అయిపోయినంక దావత్ పైసలు వేరే. ఇంజనీర్ పొద్దుగాలే వచ్చి సలాకలు కింది పలకకు అంటకుండ పెట్టే కవర్ బిళ్ళలు ఉన్నయా లేవా అని వంగి వంగి చూసి నలభై బిళ్ళలు ఎక్కువ పెట్టిచ్చిండు, కాంక్రీట్ల నీళ్ళు ఎక్కువ పోయనియ్యలే. కూలీలకు పల్చగుంటే లాగుడు అల్కగైతది, అందుకే పైపు చూసుకుంట నిలబడాలె. తెల్లారి నుంచి మడులు కట్టి నీళ్ళు నిలిపినం. నేను సోమవారం కరీంనగర్ పోవాలె, అక్క వాళ్ళ పెద్ద కొడుకు పొద్దున ఒకసారి మాపటీలి ఒకసారి పైకెక్కి నీళ్ళు పట్టిండు, ఇరవై రోజులు, ఒక్క రోజు తప్పలే. రోజూ ఫోటో పెట్టేది, మడుల నీళ్ళల్ల ఆకాశం కనవడేది. సెంట్రింగాయన ఎనిమిదో రోజు వచ్చి పలకలు తీసుకుపోత, వేరే కాడ స్లాబ్ ఉన్నది అన్నడు. మేము వాడింది పీపీసీ, అంటే బూడిద కలిసిన సిమెంట్, మొదట్ల నిదానంగ గట్టిపడ్తది, పద్నాలుగు రోజుల దాక కర్రలు తియ్యొద్దని ఇంజనీర్ చెప్పి ఉన్నడు. ఆయనకు కిరాయి పైసలు ఎక్కువ ఇచ్చి ఆపినం.

అన్నీ చూసుకున్న కాడ ఒకటి తప్పింది. పై బాత్రూం, పైన ఉన్నది కాబట్టి అడుగు లోతు పెట్టి అందుల పైపులు వేసి నింపుతరు. ఆ వారం నేను రాలే, ప్లంబింగ్ కాంట్రాక్ట్ తీసుకున్నాయన వాటర్‌ప్రూఫ్ పూత ఏసిన అని ఫోన్ల చెప్పిండు, పైసలు తీసుకున్నడు, టైల్స్ ఏసేసిండు. పైన కిరాయికి దిగిన పదో రోజు అక్క వంటింట్ల స్లాబ్ మీద అరచేయంత మరక వచ్చింది, మూడు రోజులకు చుక్క. ఆయనకు ఫోన్ చేస్తే రాలే. టైల్స్ పగలగొట్టి చూస్తే పూత జాడనే లేదు, నీళ్ళు పోయే ట్రాప్ చుట్టూ ఉత్త ఇసుక సిమెంట్. మొత్తం తీసి, రెండు పూతలేసి, నీళ్ళు నింపి రెండు రోజులు అట్లనే పెట్టి, కింద తడి రాలేదని చూసుకునే మళ్ళ టైల్స్ ఏసినం, 38 వేలు అయినయి. పైసలకంటే, కొత్త వంటింట్ల గిన్నె పెట్టుకుని చుక్కలు పట్టుకున్న ఆమెను చూస్తే బాధయింది. బాత్రూంల నీళ్ళు రెండు రోజులు నిలిపి చూడంది టైల్స్ ఎయ్యనియ్యకుండ్రి, ఆ రోజు మీరు దగ్గరుండాలె, అవసరమైతే సెలవు పెట్టుండ్రి.

కరెంట్ మీటర్ల విషయం చిన్నదిగ కనబడ్తది గానీ కిరాయోళ్ళకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది అదే. ముందు మొత్తం ఇంటికి ఒక్కటే మీటర్, బిల్లు సగం సగం. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు తెల్లకార్డోళ్ళకు జీరో బిల్లు వస్తాంది, కిరాయికి ఉన్నోళ్ళకు సుత వస్తది. అక్కకు కార్డున్నది గానీ రెండు పోర్షన్లు కలిపి 200 దాటేది, అందుకని ఆమెకు ఒక్క నెల కూడా రాలే. మూడు మీటర్లు పెట్టిచ్చినం, కరెంట్ కంపెనీ ఎన్‌పీడీసీఎల్‌కు డబ్బులు కట్టి, వైరింగ్ వేరు చేసి. తర్వాత నెల ఆమెకు సున్నా బిల్లు వచ్చింది. అక్క కిరాయి 5,500 నుంచి 6,500 చేసినం, ఆమెనే ఏడు వేలిస్త అన్నది, వద్దన్న. కరెంట్ల ఆమెకు మిగిలింది, కిరాయిల మాకు పెరిగింది. నీళ్ళకు సంపు ఒకటి కొత్తగ కట్టినం, మూత రోడ్డు కంటే రెండడుగుల ఎత్తుల పెట్టినం, పాత సంపుల వానకు మురికి నీళ్ళు కలిసేది.

ఇప్పుడు లెక్క చెప్త, ఇది చెప్పకపోతే ఇట్లాంటి రాతలు ఎవరికీ పనికిరావు. పైన అంతస్తుకు 17 లక్షల పది వేలు, కింద పనులకు 6 లక్షల 30 వేలు, మెట్లు సంపు మీటర్లు గోడ అన్నీ కలిపి 4 లక్షలు, మొత్తం 27 లక్షల 40 వేలు. 15 లక్షలు బ్యాంక్ లోన్, తొమ్మిది శాతం వడ్డీ, పదిహేనేండ్లు, నెలకు 15,200 కిస్తీ. మిగిలింది మా దాచుకున్నది, కొంత మా ఇంటిదాని బంగారం. ముందు పది వేలొచ్చే కాడ ఇప్పుడు అక్క 6,500, పక్క పోర్షన్ 7,000, పైన 11,500, మొత్తం 25 వేలు. పెరిగింది పదిహేను వేలు, అంటే కిస్తీకి రెండు వందలు తక్కువ, చేతిల ఏమీ మిగలదు. పెట్టిన పైసల మీద లెక్కేస్తే ఏడాదికి ఆరున్నర శాతం. ఉత్త కిరాయి కోసమే అయితే బ్యాంకుల ఎఫ్‌డీ చేసుకున్నోడు నాకంటే నిమ్మళంగ ఉంటడు. మేము కట్టినప్పుడు సిమెంట్ మీద జీఎస్టీ 28 శాతం ఉండె, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 అయింది, ఇప్పుడు మొదలుపెట్టేటోళ్ళకు అది కలిసొస్తది. ఇన్‌కంట్యాక్స్ల రిపేర్ బిల్లులు చూపెట్టి తగ్గించుకుందామంటే కుదరదు, మున్సిపల్ పన్ను తీసేసినంక కిరాయిల ముప్పై శాతం వాళ్ళే తగ్గిస్తరు, ఖర్చు పెట్టినా పెట్టకపోయినా అంతే, లోన్ వడ్డీ మాత్రం వేరేగ తగ్గించుకోవచ్చు. ఆ వడ్డీ సర్టిఫికెట్ మర్చిపోకుండ బ్యాంకుల తీసుకోండ్రి.

విలువ మాత్రం పెరిగింది. ఇదివరకు ఎవరైనా బేరానికొస్తే జాగకే రేటు కట్టేది, ఇల్లు కూలగొట్టుడు ఖర్చు అని ఎదురు తగ్గించేది. బాపు కష్టాన్ని చెత్త లెక్క చూసుడు నాకు గుచ్చుకునేది. ఇప్పుడు అమ్ముమని ఒకాయన వచ్చిండు, కింద మీద తిరిగి ఇంటికి కూడా రేటు కట్టిండు. అమ్మేది లేదు. ఇంకో లాభం ఏందంటే ఖాళీ ఉంటలేదు. పైన ఒక నర్సమ్మ వాళ్ళు దిగిన్రు, ఎంజీఎం దవాఖానల డ్యూటీ, పదకొండు నెలల అగ్రిమెంట్ రాసుకున్నం, పక్క పోర్షన్ల ప్రైవేట్ స్కూల్ సార్ వాళ్ళు. టులెట్ బోర్డు కట్టకముందే ఇద్దరూ అక్క ద్వారనే వచ్చిన్రు.

2025 అక్టోబర్ 29న మొంథా తుఫాను వాన పడ్డప్పుడు నేను కరీంనగర్లనే ఉన్న. పొద్దంత వాన, ఫోన్లల్ల హన్మకొండ వీడియోలు, మా వాడకట్టుల పోయే రోడ్డు మీద నీళ్ళు పారుతున్నయి. పోదామంటే తొవ్వ లేదు. మాపటీలి ఏడింటికి అక్కకు వీడియో కాల్ చేసిన. కెమెరా తిప్పి గేటు కాడికెళ్ళి చూపెట్టింది, రోడ్డు కనవడ్తలేదు, దర్వాజకు ఉన్న రెండు మెట్లల్ల మొదటిది మునిగింది, రెండోది సగం దాక ఉన్నది. గడప పొడిగనే ఉన్నది. లోపలికి తిప్పు అక్కా అన్న. టైల్స్ మీద చాపేసుకుని వాళ్ళాయన కూసున్నడు, మిషన్ మంచం మీద ఉన్నది, కింద నాలుగు కాళ్ళకు ఇటుకలు పెట్టి ఇంకా లేపిన్రు. నీళ్ళు రాలేవు కదా అక్కా అంటే "రాలే తమ్మి, అయినా పెట్టుకున్న" అన్నది. రాత్రి పైన నర్సమ్మ పిలిస్తే పిల్లలిద్దరినీ పైన పడుకోబెట్టింది, వాళ్ళిద్దరు మాత్రం కిందనే ఉన్నరు, నేను పన్నెండింటికి ఒకసారి మూడింటికి ఒకసారి ఫోన్ చేసిన, రెండుసార్లూ మొదటి రింగుకే ఎత్తింది. తెల్లారేసరికి నీళ్ళు మొదటి మెట్టు కిందికి దిగినయి. మిషన్ మూడో రోజు దించింది.